సైటు పెట్టించాం సరే, చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

చిన్న వ్యాపారులంతా ఆన్‌లైన్‌లోకి రావాలంటూ పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. సైటు ఎలా పెట్టించుకోవాలో, ఫొటోలు ఎలా తీయాలో, డబ్బులు ఎలా కట్టించుకోవాలో పేజీ నిండా రాశారు. బాగుంది. పెట్టించిన రెండో ఏడు, మూడో ఏడు ఏమవుతుందో మాత్రం ఒక్క ముక్క లేదు. మాది ఆత్రేయపురం. ఇంటి వసారాలో మూడు కుండల మీద పూతరేకులు తీయించి అమ్ముతాం. 2019లో సైటు పెట్టించాం. ఆ తర్వాత మాకు జరిగింది రాస్తున్నాను. పొడుగైతే మీరు ఎటూ కత్తిరిస్తారు, చెప్పుల సంగతి మాత్రం ఉంచండి.

2023 డిసెంబరు. సంక్రాంతి ఆర్డర్లు ఊపందుకునే రోజులు. ఆ ఏడు జూన్‌లోనే మా పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే ఈ సరుకు ఫలానా ఊరిదేనని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, పేపర్లలో టీవీల్లో చూసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో అడుగుతున్నారు. కిందటేటికి రెట్టింపు ఉంటుందని నెయ్యి, జీడిపప్పు ముందే తెచ్చి పెట్టుకున్నాం. తీరా చూస్తే ఫోన్ మోగదు, సైటులో ఆర్డర్ పడదు. మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది కదా, జనం ఆ గొడవలో ఉన్నారులే అనుకున్నాం. రెండో వారం కూడా తుపాను మీదే తోసేశాం. మూడో వారంలో డాలస్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ప్రతి సంక్రాంతికీ తణుకులో ఉన్న అత్తగారింటికి మా చేత పంపిస్తుంది. "ఆంటీ, చెప్పుల వ్యాపారం కూడా మొదలుపెట్టారా?" అంది.

వేళాకోళం అనుకున్నాను. కాదట. గూగుల్‌లో మా పేరు కొడితే మా సైటే వస్తోందట, కానీ కింద ఏవో జపాన్ అక్షరాలట. నొక్కితే బూట్లు, చెప్పులు అమ్మే దుకాణంలోకి పోతోందట. వెంటనే నా ఫోన్‌లో తెరిచి చూశాను. మా సైటు మా సైటులాగే ఉంది. పైన మా అత్తగారు రేకు తీస్తున్న ఫొటో, కింద బెల్లం రేకులు, పంచదార రేకులు, అన్నీ ఉన్నాయి. "నీ ఫోన్‌లోనే ఏదో వైరస్ దూరిందేమో చూసుకోమ్మా" అని ఆ పిల్లకి నేనే సలహా ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగానికి ప్రయత్నం చేసుకుంటూ ఇంటి దగ్గరే ఉన్న మా పక్కింటి అమ్మాయిని పిలిచాను. ఆ పిల్ల వచ్చి మా సైటుని నేరుగా తెరవలేదు. ల్యాప్‌టాప్‌లో కొత్త కిటికీ ఒకటి తీసి, గూగుల్‌లో మా పేరు వెతికి, అక్కడి నుంచి నొక్కింది. తెర నిండా బూట్లు. మా అత్తగారు కళ్లజోడు సర్దుకుని, "ఎవరివే ఇవి?" అన్నారు.

అప్పుడు చెప్పింది ఆ అమ్మాయి. మా సైటులో దూరినవాడు మా పేజీలు చెరపలేదు. చెరిపితే మాకు తెలిసిపోతుంది. అడ్రస్ నేరుగా కొట్టి వచ్చినవాళ్లకి మా సరుకు చూపిస్తాడు, గూగుల్ దారిన వచ్చినవాళ్లని తన దుకాణానికి మళ్లిస్తాడు. యజమాని ఎప్పుడూ పెరటి గుమ్మంలోంచే వస్తాడు కాబట్టి ఇల్లు మామూలుగానే కనిపిస్తుంది, వీధి గుమ్మంలోంచి వచ్చిన చుట్టాలకి లోపల ఇంకెవరో కాపురం ఉంటారు. ఇది మా ఒక్కళ్లకి వచ్చిన రోగం కాదు. జపాన్ అక్షరాల హ్యాక్ అని దీనికి పేరే ఉందట, ఎలా వదిలించుకోవాలో గూగుల్ వాళ్లే రాసి పెట్టారట. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మన సైటు పేరు రాస్తే, మన సైటులో గూగుల్‌కి తెలిసిన పేజీలు కనిపిస్తాయి. మాకు ఉన్నవి 14 పేజీలు. అక్కడ నాలుగు వేల పైచిలుకు అని చూపించింది. సైటు ఉన్నవాళ్లు ఈ ఉత్తరం పక్కన పెట్టి ఒకసారి అలా చూసుకోండి, నిమిషం పని.

దొంగ ఎలా వచ్చాడన్నది అసలు కథ. మా సైటు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే ప్రోగ్రాము మీద కట్టింది. ప్రపంచంలో సైటుల్లో నూటికి నలభైకి పైగా దాని మీదే నడుస్తున్నాయి, ఊరికే దొరుకుతుంది. దానికి ప్లగిన్లని చిన్న చిన్న అమరికలు తగిలిస్తారు. ఫొటోలు వరసగా తిరగడానికి ఒకటి, ఆర్డర్ ఫారానికి ఒకటి, వాట్సాప్ గుర్తుకి ఒకటి. ఒక్కోదాన్ని ఒక్కొక్కరు తయారుచేస్తారు. ఎక్కడో లోపం బయటపడుతుంది, తయారుచేసినవాడు సరిచేసి కొత్తది వదులుతాడు, మనం లోపలికెళ్లి అప్‌డేట్ నొక్కాలి. లోపం ఫలానా చోట ఉందని అప్పటికి లోకమంతా తెలిసిపోయి ఉంటుంది కాబట్టి, నొక్కనివాళ్ల సైట్ల కోసం దొంగలు ప్రోగ్రాములు పెట్టి వెతికిస్తారు. ఆత్రేయపురమా, అమెరికాయా వాళ్లకి పట్టదు. మాలాంటి చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారులే అనుకోవడం ఎంత తెలివితక్కువో అప్పుడు తెలిసింది.

మేం ఎందుకు నొక్కలేదో చెప్పాలి. సైటు చేసిపెట్టిన కుర్రాడు రాజమండ్రిలో చదువుకునేవాడు, 18 వేలు తీసుకున్నాడు, పని బాగానే చేశాడు. అప్పజెప్పేటప్పుడు ఒక మాట చెప్పాడు: "లోపల ఎర్ర అంకె కనిపిస్తుందండీ, అది మాత్రం నొక్కకండి, సైటు పాడైపోద్ది." నాలుగేళ్లు ఆ మాట వేదవాక్కులా పాటించాను. నొక్కాల్సిన అప్‌డేట్లు ఎన్ని మిగిలాయో చెప్పే లెక్కట అది. ఆ అంకె 3 నుంచి 17 దాకా పెరగడం చూస్తూనే ఉన్నాను. అతను చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. కొత్తవి వేసినప్పుడు ఒకదానికొకటి పడక సైటు చెడడం జరుగుతుంది. అందుకని ముందు కాపీ తీసుకుని నొక్కాలి. మిగతా సగం చెప్పకుండానే అతను బెంగళూరు ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

కాపీ అంటే మళ్లీ గుర్తొచ్చింది. మా సైటుకి రోజూ బ్యాకప్, అంటే దాచుకునే కాపీ, అవుతోందని నేను ధైర్యంగా ఉన్నాను. అవుతోంది, నిజమే. ఆ కాపీలు కూడా సైటు ఉన్నచోటే ఉన్నాయి, అవీ ముప్ఫై రోజులవే. బీరువా తాళం బీరువాలోనే పెట్టుకున్నట్టు. పైగా దొంగ దూరి అప్పటికే రెండు నెలలు దాటింది. ఉన్న ముప్ఫై కాపీల్లోనూ వాడు ఉన్నాడు. పాతదానికి వెనక్కి పోదామంటే శుభ్రమైన పాతది ఒక్కటీ లేదు.

చివరికి ఆ అమ్మాయీ, వాళ్ల స్నేహితుడొకతనూ కూర్చుని సైటు మొత్తం విప్పి మళ్లీ కట్టారు. సైటు లోపల ఏదైనా మార్చగల హక్కున్న అడ్మిన్ల జాబితా తీసి, "పిన్నీ, ఈ నాలుగో ఆయనెవరు?" అని అడిగింది. మాకు తెలిసింది ఇద్దరే, నేనూ, రాజమండ్రి కుర్రాడూ. మిగిలిన ఇద్దరూ వాళ్లంతట వాళ్లు వచ్చి చేరినవాళ్లు. అసలు సైటు కింద ఉండి దాన్ని నడిపించే పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష కూడా పాత 7.4 రకమట, దానికి 2022 నవంబరుతోనే మద్దతు ఆగిపోయిందట. మార్చుకోండని హోస్టింగ్ వాళ్లు, అంటే సైటు ఉంచుకోవడానికి చోటు అద్దెకిచ్చేవాళ్లు, ఉత్తరాల మీద ఉత్తరాలు పంపారు. అవన్నీ ఆ కుర్రాడి పాత మెయిల్‌కి పోయాయి. శుభ్రం చేశాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో, అది సైటు యజమానుల కోసం గూగుల్ పెట్టిన చోటు, ఉచితమే, మళ్లీ చూడండని అర్జీ పెట్టాం. జపాన్ అక్షరాలు పూర్తిగా పోయేసరికి ఫిబ్రవరి వచ్చింది. సంక్రాంతి వెళ్లిపోయింది. తెచ్చిన నెయ్యి, జీడిపప్పు పెళ్లిళ్ల సీజన్ దాకా మెల్లగా తీర్చుకున్నాం. బాగుచేసినందుకు 15 వేలయింది, పోయిన ఆర్డర్లు ఎన్నో లెక్కపెట్టే దారి లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కొట్టేస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయమంటారు, మాకు ఎవడూ డబ్బు కొట్టెయ్యలేదు, మా గుమ్మం కొట్టేశాడు. ఇలాంటివి తెలిసిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థకి చెప్పాలని 2022 నుంచి నియమం కూడా ఉందట. ఆ పేరు వినడమే నాకు అదే మొదటిసారి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిందని తర్వాత తెలిసింది. సైటు పేరు, అదే డొమైన్, మా పేరు మీద లేదు. ఆ కుర్రాడు తన ఖాతాలో కొన్నాడు. మోసం చేద్దామని కాదు, అప్పట్లో నాకు మెయిల్ ఐడీయే లేదు. ఏటా వెయ్యి రూపాయలు ఫోన్‌లో పంపిస్తే కట్టేవాడు. అతను ఫోన్ నంబరు మార్చినా, ఒక ఏడు మర్చిపోయినా మా పని అంతే. డాట్ కామ్ పేరుకి గడువు దాటితే వెంటనే పోదు. అమ్మినవాళ్లు మహా అయితే 45 రోజులు ఆగుతారు, వాళ్ల వాళ్ల పద్ధతినిబట్టి అంతకన్నా తక్కువే కావచ్చు. ఆ తర్వాత 30 రోజుల్లో అపరాధ రుసుం లాంటిది కట్టి విడిపించుకోవచ్చు. ఆపైన 5 రోజులు ఎవరిచేతుల్లోనూ ఉండదు. తర్వాత సంతలో పెట్టినట్టే, ఎవడు ముందు కొంటే వాడిది. మా బంధువులొకరికి రావులపాలెంలో బట్టల కొట్టు ఉంది. వాళ్లది అలాగే పోయింది. ఇప్పుడు ఆ పేరు కొడితే పేకాట సైటు వస్తుంది. వాళ్ల బిల్లు పుస్తకాల మీద, చీరలు పెట్టిచ్చే సంచుల మీద ఆ అడ్రసే అచ్చయి ఉంది. ఐదు వేల సంచులు. మార్కర్ పెన్నుతో ఒక్కో సంచి మీదా అడ్రస్ కొట్టేస్తూ కూర్చున్న ఆ పిన్నిగారిని నేను నా కళ్లతో చూశాను.

మా రాజమండ్రి కుర్రాడు మంచివాడు, అడిగిన వెంటనే అన్నీ నా పేరుకి మార్చాడు. డొమైన్ ఖాతా, హోస్టింగ్ ఖాతా, సైటు లోపలి ఖాతా, మూడూ వేరు వేరని నాకప్పుడే తెలిసింది. మూడింటి వివరాలూ ఇప్పుడు ఒక పుస్తకంలో రాసి, ఇంటి దస్తావేజుల పక్కన పెట్టాను. డొమైన్ మాదని తెలిశాక ఇంకో రకం వాళ్లు తగులుకున్నారు. మీ డొమైన్ గడువు అయిపోతోంది, తొమ్మిది వేలు కట్టండంటూ ఎర్ర అక్షరాలతో మెయిల్ వస్తుంది. అది అసలు మనం కొన్న కంపెనీయే కాదు. గూగుల్ నుంచి మాట్లాడుతున్నామండీ, మీ సైటు మొదటి పేజీలో మొదటి వరసలో పెడతామండీ అని ఇంకొకరు ఫోన్ చేస్తారు. మొదటి స్థానం ఇప్పిస్తామని హామీ ఇవ్వడం ఎవరి తరమూ కాదని గూగులే రాసుకుంది. వాళ్లతో నేను ఇప్పుడు పూతరేకుల ధరలు మొదలుపెడతాను, వాళ్లే ఫోన్ పెట్టేస్తారు.

హ్యాకింగ్ సంగతి పెద్దదిగా కనిపిస్తుంది కానీ, రోజువారీ నష్టం చిన్నవాటి వల్లే. కరోనా ముందు రాసిన బెల్లం రేకుల ధర ఒక మూల పేజీలో అలాగే ఉండిపోయింది. ముఖ్య పేజీలో మార్చాం, దీన్ని మర్చిపోయాం. హైదరాబాద్ నుంచి ఒకాయన గృహప్రవేశానికి 40 పెట్టెలు ఆ పాత ధరకి ఆర్డర్ పెట్టి, డబ్బు కూడా కట్టేశారు. ఫోన్ చేసి చెప్తే, "మీ సైటులో ఉందండీ, నేను రాసిందా?" అన్నారు. ఆయన తప్పేముంది? ఇచ్చేశాం. నెయ్యి ధర చూస్తే పెట్టెకి ఎదురు పెట్టుకున్నట్టయింది.

సైటులో ఏమేం ఉండాలో చట్టం కూడా చెబుతుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫోన్, మెయిల్, ఫిర్యాదులు చూసే మనిషి పేరు కనిపించాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మా సైటులో రెండేళ్ల కింద మానేసిన ఫోన్ నంబరు ఉండేది. ఇప్పుడు ఫిర్యాదుల అధికారిగా మా ఆయన పేరు పెట్టాం. నా ఫిర్యాదులు విని విని ఆయనకి అనుభవం ఉంది.

సర్టిఫికెట్ సంగతి ఒక్క మాట. అడ్రస్‌కి ముందు హెచ్‌టీటీపీఎస్ అని, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా భద్రంగా నడుస్తోందని, ఉండడానికి ఇచ్చేది. దానికి గడువు ఉంటుంది, దాటితే సైటు తెరవబోయినవాళ్లకి ఇది భద్రం కాదని పెద్ద హెచ్చరిక వస్తుంది, జడిసి పోతారు. 2026 మార్చి 15 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లకి గడువు 200 రోజులు దాటకూడదని, 2029 మార్చికి అది 47 రోజులే కావాలని బ్రౌజర్ల కంపెనీలూ, సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లూ కలిసి తీర్మానించుకున్నారు. అంటే ఏడాదికోసారి చేత్తో మార్పించుకునే రోజులు పోయాయి. దానంతటదే మారేలా మీ హోస్టింగ్‌లో పెట్టి ఉందో లేదో ఇప్పుడే అడగండి. ఉచితంగా ఇచ్చేవి కూడా ఉన్నాయి, దీనికి వేలకి వేలు అడిగితే ఎందుకని నిలదీయండి.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటారా? మా ఇంట్లో అమావాస్యనాడు పొయ్యి మీద కుండ పెట్టం, మా మామగారి నాటి అలవాటు. ఆ రోజు సైటు పని. ముందు కాపీ తీసి నల్ల హార్డ్ డిస్క్‌లో వేసి బీరువాలో పెడతాం. తర్వాత ఎర్ర అంకెలు నొక్కుతాం. వాడని ప్లగిన్లు తీసేస్తాం, 22 ఉండేవి 9కి వచ్చాయి. ఆ తర్వాత నేనే కొనేదాన్నయి, నా ఫోన్‌లో కాకుండా మా అబ్బాయి ఫోన్‌లో, గూగుల్ దారినే సైటులోకి వచ్చి, ఒక పెట్టె ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టి, మెసేజ్ వచ్చిందో లేదో చూసుకుంటాను. ఒక నెల డబ్బు పోయింది కానీ ఆర్డర్ రాలేదు. ఆ రోజే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. మొత్తం గంటన్నర. పక్కింటి అమ్మాయికి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, అయినా నెలకి వెయ్యి రూపాయలకి సాయంత్రంపూట చూస్తుంది, ఏం చేసిందో పుస్తకంలో తేదీ వేసి రాస్తుంది. ఊరికే వద్దని నేనే అన్నాను. ఊరికే చేసేవాళ్లని గట్టిగా అడగలేం.

మా అత్తగారికి ఈ అప్‌డేట్ల గోల మొదట్లో అర్థం కాలేదు, కుండతో పోల్చి చెప్పాక వెంటనే పట్టేశారు. కొత్త కుండ తెచ్చిన రోజే రేకు రాదు. బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టి, నూనె గుడ్డతో తుడిచి తుడిచి కొన్నాళ్లు మచ్చిక చేసుకోవాలి. తర్వాత కూడా ప్రతి నాలుగైదు రేకులకీ ఆ గుడ్డ పడాల్సిందే. తుడవడం మానితే పిండి అంటుకుపోతుంది, రేకు చిరుగుతుంది. "అంతేగా, మరి ఆ కుర్రాడు గుడ్డ ఇవ్వకుండా కుండ ఒక్కటే ఇచ్చిపోయాడేం?" అన్నారావిడ. మా మండలంలోనే గోదావరి కాలవ నీళ్లు వదిలే లొల్ల లాకులున్నాయి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని బదులు కొత్త బ్యారేజీ కూడా వచ్చి నలభై ఏళ్లు దాటింది, అయినా వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసి, తలుపులు బాగుచేయకపోతే సార్వా, అంటే వానాకాలం పంటకి, నీళ్లు చివరి చేనుదాకా పోవు. డెల్టాలో ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కంప్యూటర్ అనేసరికి మాత్రం ఒకసారి కట్టిస్తే అయిపోయిందనుకుంటాం.

ఇక నా మనవి. చిన్న పరిశ్రమలవాళ్లకీ, డ్వాక్రా సంఘాలకీ ఆన్‌లైన్ అమ్మకాల మీద శిక్షణ తరగతులు పెడుతున్నారు. నేనూ ఒకదానికి వెళ్లాను. రెండు రోజులు ఫొటోలు, రంగులు, వీడియోలు నేర్పారు, భోజనం కూడా బాగుంది. అందులో ఒక్క పూట దీనికి ఇవ్వండి. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో అక్కడికక్కడే ఒక్కొక్కరి చేతా చూపించండి, నాలాంటివాళ్లు సగంమంది బయటపడతారు. కాపీ తీయడం, దాన్ని తిరిగి పెట్టడం చేత్తో చేయించండి. సైటు కట్టడానికి సాయం చేసే పథకాలు ఏవైనా ఉంటే, రెండో ఏటి ఖర్చు కూడా అందులో రాయండి. సైటు కట్టిచ్చే పిల్లలకీ ఒక మాట: తాళాలు మూడూ యజమాని పేరు మీద పెట్టి, ఎర్ర అంకె ఎప్పుడు ఎలా నొక్కాలో కాగితం మీద రాసిచ్చి, నెలనెలా చూసినందుకు ఇంత అని ముందే అడగండి. ఇస్తాం. మీ పత్రికలోనూ పొలం పనుల పేజీలో ఈ వారం ఏం చల్లాలో వేస్తారు కదా, అలాగే సైటు ఉన్నవాళ్లు ఈ నెల ఏం చూసుకోవాలో నాలుగు ముక్కలు వేస్తే కత్తిరించి గోడకి అంటించుకుంటాం.

నా పేరు, మా కొట్టు పేరు వేయకండి. చెప్పుల సంగతి మా బంధువులందరికీ ఇంకా తెలియదు. సైటు అడ్రస్ కూడా ఇవ్వలేదు, ప్రకటన అనుకుంటారని. అదీగాక, ఈసారి అమావాస్య పండగల్లో పడి, ధరల పేజీ ఇంకా సరిచూడలేదు.

ఇట్లు,
ఒక పూతరేకుల వ్యాపారస్తురాలు,
ఆత్రేయపురం